రిషికేశంలో మూటలు విప్పిన పొద్దు

పోయిన వారం మనం కృష్ణవేణమ్మను గంగ మెట్ల మీద తడిజుట్టుతో నిలబెట్టి వచ్చేశాం. కోయిలకుంట్ల పక్కనున్న పల్లె వదిలి, కర్నూలులో రైలెక్కి, దారిపొడుగునా కళ్ళలో పడ్డ బొగ్గునుసి తుడుచుకుంటూ ముగ్గురూ ఎట్లాగో రిషికేశం చేరారు. ఆమె, ఆమె మరిది తిమ్మయ్య, తోడికోడలు రామసుబ్బమ్మ. బదరీనారాయణుడి సన్నిధిలో, బ్రహ్మకపాలం దగ్గర, పోయిన అత్తమామలకు పిండాలు పెట్టి రావాలని ప్రయాణం. ఆమె మొగుడు మద్దిలేటి, యుద్ధం నాడు పటాలంలో చేరి బర్మా వైపు పోయి, పన్నెండేళ్ళుగా అయిపూ జాడా లేదు. అన్న పుల్లన్న ప్రయాణానికి ముందు పెట్టిన కొత్తచీర కట్టుకుని, గంగలో మునిగి ఆమె మెట్లెక్కి వస్తుంటే, రామసుబ్బమ్మ ఆ చీర చూసి చేతిలో చెంబు వదిలేసింది. చెంబు దొర్లుకుంటూ పోయి గంగలో పడింది. ఏమైందే అంటే నోరు విప్పలేదు.

రామసుబ్బమ్మ చెంబు పోతే ఊరుకునే మనిషి కాదు. పిడతకు పెంకు ఊడినా పొద్దంతా దాన్ని తలుచుకుని ఏడ్చే రకం. అటువంటిది, పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు కళ్ళముందే కొట్టుకుపోతుంటే దానివైపు చూడనైనా చూడకుండా ధర్మశాలకు వచ్చి మూల కూర్చుంది. కృష్ణవేణమ్మ ఇంకో చీర కట్టుకుని, తడిసిన కొత్తచీరను పిండి వసారా స్తంభాలకు కట్టిన తాడు మీద ఆరేసింది. గంధం రంగు నేతచీర, సన్నంచు. ఆర్భాటం లేదు. యాత్రకు తగ్గట్టు ఎంచి పెట్టాడు అన్న, అనుకుని మురిసింది. పుల్లన్న చెల్లెలికి చీర పెట్టి ఎన్నేళ్ళయిందో ఆమెకే జ్ఞాపకం లేదు.

అప్పుడు గోపన్న వచ్చాడు. ఈ గోపన్న కర్నూలు వాడు. ఏటా ఎండాకాలం నలుగురిని పోగేసుకుని బదరీకి తీసుకుపోతాడు గనక యాత్రల గోపన్న అని పేరు. దేవుడి దగ్గరికి దారి చూపే మనిషిలో ఉండాల్సిన మెత్తదనం అతనిలో ఆవగింజంత లేదు.

"మూటలన్నీ ఈడ విప్పండి. కొండ మీదికి పోయేది మీరు. మీ ఇల్లు గాదు" అన్నాడు, వసారా మధ్యలో గొంతుక్కూర్చుని.

ముందుగా రామసుబ్బమ్మ మూట విప్పారు. జొన్నపిండి, చింతపండు, కారప్పొడి, వేరుశనగ విత్తనాలు, వాటన్నిటి కిందా ఇనుప పెనం.

"పెనం యాలమ్మా?"

"రొట్టె కాల్చుకోవద్దా?"

"దారి పొడుగునా చట్టీలుంటాయి. మన సత్రాల మాదిరి. పిండీ పప్పూ ఆడ కొన్నోళ్ళకు పొయ్యీ పాత్రలూ వాళ్ళే ఇస్తారు. దీన్ని మోసే కూలీ నిన్ను తిట్టుకుంటా ఎక్కుతాడు. పుణ్యానికి పోతా తిట్లు ఎందుకు?" అని పెనం పక్కన పెట్టాడు. కారప్పొడి మాత్రం ముట్టుకోలేదు. "ఇది ఉండనీ. ఆ కొండల్లో కూడు తింటే నోరు మొద్దుబారతాది. నేనూ ఇంత ఏసుకుంటా."

తిమ్మయ్య కొత్త చెప్పులు చూసి పెదవి విరిచాడు. రబ్బరు మడమల జోళ్ళు బజారులో కొనుక్కోమన్నాడు. ముగ్గురికీ ఇనుప మొన ఉన్న చేతికర్రలు కావాలన్నాడు. కలరా సూది వేయించుకున్న చీటీలు రొంటిన దాచుకోమన్నాడు, అవి లేకపోతే దారిలో ఆపేస్తారట. ఇంకా చెప్పుకుపోయాడు.

"రేపు తెల్లారి బస్సు. పీపల్‌కోటి దాకా పోతాది. ఆడ దిగినాక మీ కాళ్ళే మీకు బండి. దారి సన్నం. ఒగ పక్క కొండ, ఒగ పక్క లోయ. ఉప్పు మూటలేసుకుని మేకల మంద ఎదురొస్తాది. అప్పుడు కొండ పక్కకు ఆనుకోండి, లోయ పక్కకు గాదు. మర్యాదకు దావ ఇస్తామని లోయ పక్కకు పోయినోళ్ళు ఉండారు. వాళ్ళు ఎనక్కు రాలేదు."

"చలి శానా ఉంటాదా అన్నా?" అంది రామసుబ్బమ్మ.

"మీరు చలంటే పుష్యమాసంలో పొద్దున పూట కంబడి కప్పుకునేది అనుకుంటాండారు. ఆ చలికి మీ కంబడి ఓ లెక్కా? నడవలేకుంటే చెప్పు, కండి మాట్లాడతా. వెదురుబుట్ట. దాంట్లో కూసుంటే కూలీ వీపున ఏసుకుని పోతాడు."

"పరాయి మగోని వీపు మీదనా? పాక్కుంటా అన్నా పోతా గానీ."

"నీ ముకం ఎనక్కు, వాని ముకం ముందుకు. ఒకరినొకరు చూసుకునేది లేదులేమ్మా."

అందరూ నవ్వారు. కృష్ణవేణమ్మ కూడా నవ్వింది. ఆమె అందరితో కలిసే నవ్వుతుంది, కలిసే తింటుంది, కలిసే కళ్ళం పని చేస్తుంది. అయినా పన్నెండేళ్ళుగా ఆమె బతుకు ఆ ఇంట్లో ఓ పక్కగా జరుగుతోంది. పెళ్ళిళ్ళకు పిలుస్తారు, బొట్టు పెడతారు, కానీ ముందుగా పెట్టరు. ఈమెను ముత్తైదువల్లో కూర్చోబెట్టాలా, వద్దా అని ఒక్క క్షణం ఆగుతారు. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియని మనిషిని చివరన కూర్చోబెట్టడం మన వాళ్ళకు అలవాటే. పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ళ పేరు మీద కొత్తబట్టలు పెట్టేటప్పుడు మాత్రం ఆమె గట్టిగా నిలబడేది. మద్దిలేటి పేరున పంచె పెడదామని ఎవరన్నా నసిగితే, "ఆయన వచ్చి కట్టుకుంటాడులే" అనేది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెద్దదయ్యేది ఏడాదికి ఆ ఒక్కసారే.

గంగ హోరు వసారాలోకి వినపడుతూనే ఉంది. ఆ నీళ్ళు చూసినప్పటినుంచి ఆమెకు ఒకటే ఊహ. ఇందులో పదోపాలు మన కుందూ ఏట్లో పారినా ఆయన కరువుకు తాళలేక పటాలంలో చేరే పని ఉండేది కాదు గదా.

గోపన్న మూటలు మళ్ళీ కట్టించి, చివరగా తన సంచి దగ్గరికి లాక్కున్నాడు. "పిండాలకు కావాల్సినవన్నీ నా దగ్గరుండాయి. తిమ్మయ్యా, ఆ పుట్టింటి చీర యాడ పెట్టినావప్పా? అది ఇట్ల తే. తడవగూడదు."

తిమ్మయ్య తల ఎత్తలేదు. రామసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అన్న పెట్టిన చీరనా?" అంది కృష్ణవేణమ్మ. "అదెందుకు నీకు? పొద్దున కట్టుకుని మునిగినా. అదుగో, ఆరేసినా గదా."

గోపన్న తాడు వైపు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "కట్టుకున్నావా? మడత విప్పకుండా పైకి తేవల్లని కర్నూల్లోనే చిలక్కు చెప్పినట్ల చెప్పినా గదప్పా తిమ్మయ్యా. పదోనాడు కప్పే చీరను ముందే కట్టుకునే ఆడమనిషిని నేను యాడా చూల్లేదు."

మొగుడు పోయిన పదోనాడు పుట్టింటివాళ్ళు కొత్తచీర తెచ్చి ఆడపిల్ల భుజాల మీద కప్పుతారు. ఆ తర్వాత ఆమెకు కుంకుమ ఉండదు, గాజులుండవు. కృష్ణవేణమ్మ ఎందరికో ఆ చీర కప్పుతుంటే చూసింది, పక్కన కూర్చుని ఏడ్చింది కూడా. గోపన్న ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మోటు మనిషే గానీ తెలివితక్కువ వాడు కాదు. "బస్సు సంగతి కనుక్కోనొస్తా" అని సంచి భుజాన వేసుకుని బయటికి జారుకున్నాడు.

కృష్ణవేణమ్మకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది, అన్న చీర కాదు, బయలుదేరిన పొద్దు. ఊరి ఆడవాళ్ళంతా వచ్చారు ఆ పొద్దున. ఒకామె తలకు నూనె పెట్టింది. ఒకామె మోచేతుల దాకా గాజులు తొడిగింది. మల్లెలు దొరకని ఊళ్ళో ఎక్కడినుంచో మల్లెలు తెచ్చి జడనిండా పెట్టారు. ఎప్పుడూ చివర కూర్చోబెట్టేవాళ్ళు ఆ పొద్దున ఆమెను నడుమ పీట వేసి కూర్చోబెట్టి వరసగా బొట్టు పెట్టారు. గిడ్డమ్మ ముసలిది కావలించుకుని ఏడ్చింది. అంత దూరం పోతున్నామని ప్రేమ కొద్దీ అనుకుంది తను. ఊరికి తనమీద ఇంత ప్రేమ ఉందా అని రైల్లో కూడా తలుచుకుని తలుచుకుని పొంగిపోయింది. అది కడసారి అలంకారమని ఊరంతటికీ తెలుసు, పీట మీద కూర్చున్న మనిషికి తప్ప.

"పిండం ఎవరికి తిమ్మయ్యా?" అంది.

"అమ్మకూ నాయనకూ..."

"ఇంకా?"

తిమ్మయ్య కింద బండను గోటితో గీకాడు. "అన్నకు."

ఆమె ఆ ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి ఈ తిమ్మయ్య ముక్కు కూడా తుడుచుకోవడం రాని పిల్లవాడు. అత్త మంచాన పడి ఉంటే, సంగటి ముద్ద చేసి ఈ నోట్లో పెట్టింది తనే. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి, పెళ్ళయింది, వదినను ముండమోపిని చేయడానికి కొండల్లోకి తీసుకువచ్చాడు. కోపం రావాలి. రాలేదు.

"పన్నెండేండ్లు కబురు లేకుంటే పోయినట్లే లెక్క వదినా. శాస్త్రంలో ఉండాదంట" అన్నాడు తిమ్మయ్య.

"శాస్త్రం నా మొగుణ్ణి యాడ చూసింది?"

"బ్రహ్మకపాలంలో ఒగసారి పెడితే మళ్ళా ఏటేటా పెట్టే పని లేదు. అంతటితో తీరిపోతాది."

"ఎవరికి తీరిపోతాది? నీకా, నాకా?"

రామసుబ్బమ్మ లేచి వచ్చి, "అక్కా, నేను వద్దనే చెప్పినా. నా మాట ఎవరింటారు?" అంది. కృష్ణవేణమ్మ ఆమెను చేత్తో పక్కకు జరిపింది.

"మన ఊర్లోనే ఒగ మాట చెప్పింటే కాదా? ఈ దేశంగాని దేశంలో, మన మాట తెలిసిన మనిషి లేని తావుకు తెచ్చి చెప్పల్లనా?"

"ఊర్లో చెప్తే నువ్వు ఒప్పుకోవు."

"ఈడ ఒప్పుకుంటాననుకున్యావా?"

"ఈడైతే..." అని తిమ్మయ్య ఆగిపోయాడు. ఈడైతే పారిపోయి దూరడానికి ఒక్క గడప లేదు, అది అతని ఆలోచన. అనలేదు గానీ ఆమెకు వినపడింది.

కృష్ణవేణమ్మ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. కుడిచెయ్యి చాపింది. ఆ చేతికి గాజులు ఇంకా మోచేతి దాకా ఉన్నాయి.

"చూడు తిమ్మయ్యా. గంగమ్మ ఎదురుగ్గా ఉండాది. నా చేతిలో చెయ్యేసి, మీ అన్న లేడని చెప్పు. నేను చూసినా అనొద్దు. లేడని నమ్ముతాండా అని చెప్పు, చాలు. ఈడికీడే ఈ గాజులు నేనే తీసేస్తా. నిన్ను ఇంగొగ మాట అడగను."

మా సీమలో చేతిలో చెయ్యేసి చెప్పిన మాటకు కోర్టులో చెప్పిన సాక్ష్యం చాలదు. పొలం గట్ల తగాదాలు, పసరాల బేరాలు అన్నీ దానితోనే తెగుతాయి. అబద్ధానికి చెయ్యేసినవాడి చెయ్యి ఎండిపోతుందని పిల్లలకు కూడా తెలుసు. తిమ్మయ్య చెయ్యెత్తాడు. సగం దాకా తెచ్చాడు. ఆమె అరచేతి మీద పెట్టలేకపోయాడు.

"గంగ మీద వద్దు వదినా" అన్నాడు, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

అంతే. ఆమెకు తెలిసిపోయింది.

"యాడుండాడు?"

"రంగూన్లో."

నిరుడు తిమ్మయ్య పత్తి అమ్మడానికి నంద్యాల పోయినప్పుడు, రంగూను వదిలి వచ్చేసిన రాజంపేట మనిషి ఒకాయన తటస్థపడ్డాడట. మాటల్లో మాటగా మద్దిలేటి పేరు ఎత్తాడు. పాడేటప్పుడు ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంటాడని కూడా చెప్పాడు. అది మద్దిలేటి అలవాటే, ఇంక అనుమానం లేదు. బియ్యం మిల్లులో పని. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు.

"బాగుండాడా? ఒంట్లో బాగుండాదా?" అని అడిగింది కృష్ణవేణమ్మ.

"ఉండాడంట."

దాచడం ఎందుకు, మొదట ఆమెకు కలిగింది సంతోషమే. సిగ్గుపడేంత సంతోషం. ఆయన ఎక్కడో అన్నం తింటున్నాడు, నిద్ర పోతున్నాడు, చెవి మీద చెయ్యి పెట్టుకుని పాడుతున్నాడు. ఇన్నేళ్ళూ ఊరంతా చచ్చాడంటే కాదన్నది తనొక్కతే. గెలిచింది తనే. గెలిచానని చెప్పుకోవడానికి మాత్రం ఒక్క మనిషి లేడు. చెప్పుకుంటే గెలుపు కాదది, తల కొట్టేసినట్టు. ఆ ఇద్దరు ఆడపిల్లల మాట అప్పుడు మెల్లగా లోపలికి దిగింది. పెద్దదానికి ఎన్నేళ్ళుంటాయో లెక్క వేయబోయి, వేయకుండా ఆగింది.

"ఇంటికి వస్తాడంటనా?"

తిమ్మయ్య ఏడుస్తున్నాడు. "మీ వాళ్ళకు ఏమన్నా చెప్పల్లనా అని ఆ మనిషి అడిగితే, సచ్చిపోయినానని చెప్పు అన్నాడంట వదినా. ఆయన అన్న మాటనే నేను చేస్తాండా. మొగుడు సచ్చినదంటే ఊరు అయ్యో అంటాది. మొగుడు ఇడిచిపెట్టినదంటే నవ్వుతాది. నిన్ను చూసి ఊరు నవ్వితే నేను చూడలేను. పుల్లన్న మామకూ ఇదే చెప్పినా. ఆయనా సరే అన్యాడు."

అన్నకూ తెలుసు. చీర ఎంచేటప్పుడు, అంగట్లో కూర్చుని ఆ సన్నంచు చూసేటప్పుడు, తెలుసు. తన మంచి కోరి అందరూ ఒక్కటయ్యారు, తనను తప్ప అందరినీ అడిగారు. శత్రువులు చేస్తే తిట్టిపోయవచ్చు. అయినవాళ్ళు ప్రేమతో చేసినదాన్ని ఏం చేయాలో ఆమెకు తోచలేదు. రామసుబ్బమ్మ వచ్చి భుజానికి ఆనుకుని కూర్చుంది. ఆ భుజం తనది కాదన్నట్టు కృష్ణవేణమ్మ కదలకుండా ఉండిపోయింది.

ఎండ వసారా దాటి వెళ్ళింది. కింద గంగ మెట్ల దగ్గర ఎవరో హిందీలో ఎవరినో కేకేస్తున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఊళ్ళో అయితే ఈపాటికి పక్కింటి మారెన్నో ఎవరో వాకిట్లోకి వచ్చి ఏమైందని అడిగేవాడు, ఈమె ఏమీ లేదని కసిరేది, అదైనా ఒక తోడుగా ఉండేది.

గోపన్న గుమ్మం దగ్గర దగ్గి మరీ లోపలికి వచ్చాడు. "బస్సుకు మనుషుల్ని చెప్పల్ల. ఎవరెవరు వస్తాండారు?"

తిమ్మయ్య మొహం తుడుచుకున్నాడు. "వద్దులే గోపన్నా. మేము ఎనక్కు పోతాం."

"ఎనక్కు యాడికి?" అంది కృష్ణవేణమ్మ. అంత మామూలుగా అడిగింది, వంటకు ఏం చేయాలని అడిగినట్టు. "గోపన్నా, ఒగ మాట అడుగుతా, తెలిస్తే చెప్పు. బతికుండే మనిషికి పిండం పెట్టొచ్చునా?"

గోపన్న తిమ్మయ్య వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "బతికుండేవానికి ఇంగొకరు పెడితే పాపమమ్మా. నేను ఆ పనికి నిలబడను. తనకు తాను పెట్టుకోవచ్చు, దానికి అడ్డం లేదు. పిల్లాజెల్లా లేనోళ్ళు, ఎనక ఎవరూ పెట్టరనుకునేటోళ్ళు ఆడ పెట్టించుకుంటారు."

"పెట్టించుకున్నాక?"

"ఇంగేముండాది? ఆ మనిషికి ఇల్లూ వాకిలీ లేదు. మొగుడు లేడు, పెండ్లాం లేదు. ఎవరికీ ఏమీ గాదు. కొందరు ఆ కొండల్లోనే ఉండిపోతారు. ఎనక్కి వచ్చినోళ్ళను గూడా చూసినాలే."

"ఆడది పెట్టించుకోవచ్చునా?"

"మగోని చేత పెట్టించుకుంటాది. కొడుకు గానీ, కొడుకు లాంటోడు గానీ."

కృష్ణవేణమ్మ తల ఊపింది. లేచి తన మూట దగ్గరికి పోయి ముడి బిగించింది. ఆయన చావలేదు. ఇన్నేళ్ళు ఆయనకోసం ఎదురుచూసిన మనిషి ఒకతె ఉంది, ఆమె పని మాత్రం అయిపోయింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, తనకు తను చెప్పుకుంది.

"తిమ్మయ్యా, మీ అన్నకు పెట్టొద్దు. ఆయన తింటాండాడు గదా, తిననీ. నాకు పెట్టు."

తిమ్మయ్యకు మాట అందడానికి కొంచెం సేపు పట్టింది. అందగానే లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు సందెవేళ ఆమె కనపడకపోతే ఇల్లంతా వెతుకుతూ పిలిచిన పిలుపే నోట వచ్చింది.

"వదినా..."

"పిలువప్పా, పైకి పోయేదాకా పిలువు" అంది కృష్ణవేణమ్మ. "దిగొచ్చేటప్పుడు ఆ వరస ఉండదు."